దూడ కడుపులో వంకరచెవి

షెడ్డులోకి వచ్చిన వాళ్ళెవరైనా ముందు దూడ మొహం చూస్తారు. కళ్ళు బాగున్నాయంటారు. నుదుటి మీద మచ్చ బాగుందంటారు. ఆమె మాత్రం దూడ మొహం చూడదు. దూడ వెనక్కి వెళ్ళి, వంగి, తోక ఎత్తి చూస్తుంది. తర్వాత నేల చూస్తుంది. నేల మీద పడ్డది గట్టిగా ఉందా, జారుగా ఉందా, ఏ రంగు, ఎంత నీరు. అప్పుడు గానీ ముందుకు రాదు. అప్పటికి ఆమెకు మొహంతో పని ఉండదు.

అందుకే దాణా ఫ్యాక్టరీలో ఆమెకు పేడ డాక్టరమ్మ అని పేరు పడింది. లారీ డ్రైవర్లు పెట్టిన పేరు అది. ఆ డ్రైవర్లలో ఆమె భర్త ఒకడు. ఆ పేరు తను పెట్టలేదని అతను చాలాసార్లు చెప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆమె అసలే నమ్మలేదు.

ఆమె డాక్టరు కాదు. చదివింది సూక్ష్మజీవుల గురించి. చదువయ్యాక కొంతకాలం పాలకేంద్రంలో పాలు పరీక్షించింది. పెళ్ళయ్యాక, భర్త లారీ తోలే ఫ్యాక్టరీలోనే పని దొరికింది. దాణాకు బూజు పట్టిందో లేదో చూడటం ఆ పని. మొదట్లో అదొక్కటే.

ఆమె గది ఫ్యాక్టరీ వెనక, దాణాలో కలిపే చెరకు మడ్డి నిలవచేసే మొలాసిస్ ట్యాంకును ఆనుకుని ఉంది. ఒకప్పుడు అందులో ఖాళీ బస్తాలు పడేసేవారు. గోడకు అవతల దాణా గుళికలు చేసే యంత్రం రోజంతా ఊగుతుంది. ఆ ఊపుకు బల్ల మీద గాజుసీసాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. వాటి మధ్య ఆమె గుడ్డ పేలికలు కుక్కింది. కిటికీ మూసినా మొక్కజొన్న పొడి లోపలికి వస్తుంది. సూక్ష్మజీవులను పెంచడానికి అంతకంటే చెడ్డ చోటు దొరకదు. రోజూ పొద్దున బల్ల తుడిచి, స్పిరిట్ దీపం వెలిగించి, మంట పక్కన కూర్చుంటుంది. మంట చుట్టూ జానెడు మేర గాలి శుభ్రంగా ఉంటుంది. ఆమె ఉద్యోగమంతా ఆ జానెడులోనే.

భర్త అక్కకు, బస్సులో వెళ్ళేంత దూరంలో, ఒక ఊరి చివర పాడి ఉంది. పొడవాటి రేకుల షెడ్డు. ఒక వైపు ఆవులు, ఒక వైపు దూడలు. షెడ్డు పెత్తనమంతా వదినదే. వదిన గట్టి మనిషి. ఏ పశువుకూ ముద్దు పేరు పెట్టదు. దూడ చనిపోతే ఏడవదు. కానీ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడదు. వానలు మొదలయ్యాయంటే వదిన మాట్లాడని రోజులు వరసగా వచ్చేవి. పుట్టి వారం తిరగని దూడలకు పారుడు పట్టుకునేది.

పుట్టిన దూడ పేగు ఖాళీ ఇల్లు. తలుపులు తెరిచే ఉంటాయి. ముందు ఎవరు దూరితే ఇల్లు వాళ్ళది. వానాకాలం తడిగడ్డిలో, బురదలో ఉన్న చెడ్డవన్నీ అటే చూస్తుంటాయి. అవి దూరాయంటే దూడ తాగిన పాలన్నీ నీళ్ళలా బయటికి పోతాయి. రెండు మూడు రోజుల్లో కళ్ళు లోపలికి పోతాయి, నోరు చల్లబడుతుంది. మందు పోస్తే చెడ్డవీ చస్తాయి, మంచివీ చస్తాయి. ఇల్లు మళ్ళీ ఖాళీ. పోసినకొద్దీ మందుకు పదును తగ్గుతుంది. ఇదంతా ఆమె వదినకు చాలాసార్లు చెప్పింది. వదిన ప్రతిసారీ విని, ఒకే మాట అడిగేది.

"సరే. మరి ఆ ఇంట్లో ఎవరి చేత కాపురం పెట్టిస్తావు?"

ఒక వానాకాలం ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. షెడ్డులో వరసగా దూడలు పారుతున్నాయి. మధ్యలో ఒక దూడ, ఒక చెవి పుట్టుకతోనే వంకర, మామూలుగా నిలబడి ఉంది. అటూ ఇటూ రోగపు దూడలే. కింద అదే తడిగడ్డి. అయినా దాని తోక కింద పొడిగా ఉంది. ఆమె చేతిలో సీసా లేదు. మధ్యాహ్నం తిన్న టిఫిన్ డబ్బా కడిగి, దాని పేడ అందులో తెచ్చుకుంది. ఆ డబ్బాను ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు.

ఆ పేడలో ఎన్నో రకాల సూక్ష్మజీవులు ఉన్నాయి. వాటిని గాజు పళ్ళేలలో విడివిడిగా పెంచింది. పశువుల ఆసుపత్రిలో చనిపోయిన దూడను కోసి చూసినప్పుడు, అక్కడి డాక్టరు కాస్త పేగు పంపేవాడు. ఆమె ఆ పేగు లోపలి పొరను గీకి, గాజు పలక మీద పరిచి, దాని మీద ఒక్కో రకాన్ని వదిలి, కాసేపు ఆగి, నీళ్ళతో కడిగేది. కడిగాక మైక్రోస్కోపులో చూసేది. అన్నీ నీళ్ళతో కొట్టుకుపోయాయి. ఒక్క రకం పోలేదు. చీర అంచుకు పట్టుకున్న పల్లేరుకాయల్లా పేగు కణాల అంచున పట్టుకుని ఉంది.

దానికి వంకరచెవి అని పేరు పెట్టింది. శాస్త్రం పెట్టిన పొడుగాటి పేరు వేరే ఉంది. అది ఎవరికీ నోరు తిరగదు.

మరుసటి వానల్లో దాన్ని పెంచి, పాలలో కలిపి, కొన్ని దూడలకు పట్టింది. అవి నిలబడ్డాయి. సంగతి మేనేజరు దాకా వెళ్ళింది. మేనేజరు చొక్కా జేబులో ఎప్పుడూ దాణా గుళికలు ఉంటాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి తీసి కొరికి చూస్తాడు. గట్టిదనం పంటికే తెలుస్తుందంటాడు. ఆ రోజు గుళిక కొరుకుతూ, దీన్ని పొడి చేసి బస్తాల్లో పెట్టగలవా అమ్మా అని అడిగాడు. పెట్టగలనంది. బస్తాల గది ఖాళీ చేయించి ఇచ్చాడు.

వంకరచెవి దూడ పెరిగి, ఆవై, ఒక సంతలో అమ్ముడుపోయింది. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ కనిపించలేదు. దాని కడుపులోది గాజుసీసాలో ఉంది కదా.

పొడి చెయ్యాలంటే చాలా కావాలి. చాలా కావాలంటే త్వరగా పెరగాలి. వంకరచెవి మొదట్లో బద్ధకంగా పెరిగేది. ఆమె దానికి మంచి తిండి పెట్టింది. పాలపొడి, ఈస్ట్ సారం, చక్కెర. పళ్ళెం మీద అది చుక్కలు చుక్కలుగా పెరిగేది. ఆ చుక్కల్లో బాగా ఉబ్బి, తెల్లగా మెరిసేదాన్ని తీగ కొనతో తాకి, కొత్త సీసాలోకి మార్చేది. దాని పిల్లల్లో మళ్ళీ లావుపాటిదాన్ని. వాటి పిల్లల్లో మళ్ళీ. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటదే అటు పోయేది. నలుగురు పిల్లలుంటే బుగ్గలున్న పిల్లను ముందు ఎత్తుకుంటాం, అలా.

ఏళ్ళు గడిచాయి. పొద్దున వేస్తే సాయంత్రానికి సీసా చిక్కబడేది. ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూడటం ఆమెకు ఇష్టం. అవతల వేళ్ళు కనిపించేవి కావు. ఒకసారి లారీకి లోడు ఎక్కిస్తుండగా భర్త వచ్చి, తలుపు దగ్గర నిలబడి ఆ సీసాల వరసను చూశాడు.

"నాకు పొద్దున టీ కూడా లేదు," అన్నాడు. "వీటికి పాలు, చక్కెర. పుడితే ఈ గదిలో పుట్టాలి."

ఆ మధ్యలో ఒక గాలివానకు కరెంటు చాలా రోజులు పోయింది. ఫ్రీజరు అడుగున దాచిన మొదటినాటి వంకరచెవి సీసాలు కరిగి పాడైపోయాయి. ఆమె వాటిని ఉడికించి పారేసింది. పెద్దగా బాధపడలేదు. వాటి పిల్లలు బల్ల మీద నురగలు కక్కుతున్నాయి.

పొడి తయారైంది. తెల్లగా, మెత్తగా, పాలవాసనతో. వానలు పడగానే వదిన షెడ్డులో పుట్టిన ప్రతి దూడకూ రోజూ పాలలో కలిపి పట్టారు. వారం తిరగలేదు, పారుడు మొదలైంది. ఈ షెడ్డులో పొడి తాగినదానికీ పక్క పాడిల్లో తాగనిదానికీ తేడా లేదు. నల్లమచ్చల దూడ ఒకటి పోయింది. దాని తల్లి రెండు రోజులు కట్టుకొయ్య దగ్గర అరిచింది.

వదిన ఆ రోజు మాట్లాడలేదు. మర్నాడు ఆమె వెళ్ళేసరికి షెడ్డు కడుగుతోంది. చీపురు ఆపకుండానే మాట్లాడింది.

"మరదలా, నీ పొడి వెయ్యొద్దని నేను అనను. కానీ దూడ పోతే నువ్వు బస్సెక్కి ఇంటికెళ్తావు. ఆ అరుపు వినేది నేను."

వదిన గోడ అలమర నుంచి మందు సీసాలు తీసి మిగిలిన దూడలకు పోసింది. ఆమె ఒక్కో దూడ నోరు పట్టుకుని నిలబడింది.

మేనేజరు కోప్పడలేదు. గుళిక కొరికి, చాలాసేపు నమిలాడు. వచ్చే వానల దాకా చూద్దామన్నాడు. అప్పటికీ అది దూడ కడుపులో నిలవకపోతే గది మళ్ళీ బస్తాలకు ఇచ్చేస్తానన్నాడు. మరి వంకరచెవి సంగతేమిటని ఆమె అడగలేదు. గది లేకపోతే అది లేదు. పళ్ళెం తర్వాత పళ్ళెం మారుస్తుంటేనే దాని ప్రాణం. దాన్ని ఇచ్చిన దూడా లేదు, దాచిన సీసాలూ లేవు.

మొదట పొడిని అనుమానించింది. పొడిలో వంకరచెవి నిక్షేపంగా ఉంది, లెక్కపెట్టలేనంత. పాలు మరీ వేడిగా ఉన్నాయేమోనని చూసింది. వదిన పాలు ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటాయి. దూడల పేడ చూసింది. పొడి పట్టినన్నాళ్ళూ పేడలో వంకరచెవి ఉంది. పొడి ఆపిన మర్నాడు కొంచెం ఉంది. ఆ మర్నాడు లేదు. బస్సెక్కి, తమ ఊరు రాగానే దిగిపోయే జనంలా ఇటు నుంచి వచ్చి అటు నుంచి వెళ్ళిపోయింది.

పశువుల ఆసుపత్రి నుంచి పేగు తెప్పించింది. ఈసారి వచ్చింది నల్లమచ్చల దూడదే. పొర గీకి, వంకరచెవిని వదిలి, ఆగి, కడిగి, చూసింది. కణాల అంచులు ఖాళీగా ఉన్నాయి. ఇంకో పలక కడిగి చూసింది. అదీ అంతే.

బయటికి వచ్చి మొలాసిస్ ట్యాంకు మెట్టు మీద కూర్చుంది. భర్త లారీ ఆపి దిగి వచ్చాడు. ఏమైందని అడిగాడు.

"పట్టుకోవడం మర్చిపోయింది," అంది.

ఎవరని అతను అడగలేదు. ఎప్పుడూ ఏదో ఒక మాట విసిరేవాడు, ఆ రోజు పక్కన కూర్చున్నాడు. వెనక లారీల వాళ్ళు హారన్ కొట్టేదాకా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున మామూలుగానే దీపం వెలిగించింది. పళ్ళెం తెరిచింది. తీగ కాల్చి చల్లార్చింది. చెయ్యి దానంతటదే లావుపాటి చుక్క వైపు పోయింది.

అక్కడ ఆగింది.

సీసాలో గోడ లేదు, పట్టుకోవడానికి. వరద లేదు, కొట్టుకుపోవడానికి. ఎటు తిరిగినా తిండి. పట్టుకునే బలం కోసం ఖర్చు పెట్టినవి చిన్నగా మిగిలి ఉంటాయి. ఆ ఖర్చు మానేసినవి లావెక్కి ఉంటాయి. పళ్ళెం మీద రెండు రకాలూ ఉండే ఉంటాయి. ఆమె ప్రతిసారీ లావుపాటిదాన్నే ఏరింది. ఇన్నేళ్ళూ, ఇంత జాగ్రత్తగా, పట్టు లేనివాటినే ఏరి ఏరి పెంచింది.

తీగ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, వదిన దగ్గరికి వెళ్ళింది. వదిన పాలు పితుకుతోంది.

"తప్పు నాదే వదినా. గారాబం చేసి చెడగొట్టాను."

"ఎవర్ని?"

"వంకరచెవిని."

వదిన పితకడం ఆపి తలెత్తి చూసింది. "పిల్లల్ని చెడగొట్టిన వాళ్ళను చూశాను. మొగుణ్ణి చెడగొట్టిన వాళ్ళను చూశాను, మా అమ్మతో సహా. కంటికి కనపడనిదాన్ని చెడగొట్టింది నువ్వొక్కదానివే."

ఆమె నవ్వలేదు. తనకు ఒక దూడ కావాలంది. వంకరచెవిని కొన్నాళ్ళు పట్టి, ఆపేసి, ఆ తర్వాత కూడా కడుపులో ఏవైనా మిగిలాయేమో చూడాలి. వేలకు వేల సంతానంలో పట్టు మర్చిపోనివి ఏ నాలుగో ఉండకపోవు. వాటిని కంటితో ఏరడం తన వల్ల కాదు. ఆ పని దూడ పేగుకే తెలుసు.

"నా దూడ నీ గాజుసీసా అనుకున్నావా?"

"కాదు వదినా. నా సీసాలు పనికి రావనే నీ దూడను అడుగుతున్నాను."

వదిన మళ్ళీ పితకడం మొదలుపెట్టింది. బకెట్టు నిండింది. లేచి, షరతులు చెప్పింది. రోజూ పొద్దున పాలు పితికే వేళకు ఆమె స్వయంగా రావాలి. దూడకు పాలు తనే పట్టాలి, కింద తనే కడగాలి. తోక తడిస్తే వదిన ఎవర్నీ అడగకుండా మందు పోస్తుంది. ఆమె ఒప్పుకుంది.

వానలకు ఇంకా చాలాకాలం ఉంది. నేల పొడిగా ఉంది. పారుడు తక్కువగా ఉండే కాలం. ఆమె రోజూ తెల్లవారే బస్సుకు వెళ్ళి, ఒక దూడకు పాలలో వంకరచెవిని కలిపి పట్టింది. కొన్నాళ్ళకు ఆపేసింది. ఆపాక ఆగింది. ఆగడమే కష్టమైంది. ఆ తర్వాత రోజూ పేడ తీసి ఐసు డబ్బాలో పెట్టేది. భర్త అటు వైపు దాణా దించి వస్తూ ఆ డబ్బాను సీటు పక్కన పెట్టుకుని ఫ్యాక్టరీకి చేర్చేవాడు. చెక్‌పోస్టు దగ్గర ఒక కొత్త పోలీసు లారీ ఆపి, డబ్బాలో ఏముందని అడిగాడట.

"పేడ," అన్నాడట భర్త.

"ఎవరికి?"

"మా ఆవిడకి."

పోలీసు మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, అతని భుజం తట్టి పంపించాడట. ఆ కథ డ్రైవర్లందరికీ నోటికొచ్చింది. ఆమె ముందు చెప్పుకునేటప్పుడు మాత్రం కాస్త మార్చి చెప్పుకునేవారు.

గదిలో తిండి మార్చింది. చక్కెర తగ్గించింది, ఈస్ట్ సారం ఆపేసింది. పిత్తపు పొడి కలిపింది, కడుపులో ఎదురయ్యే చేదు ముందే తెలియాలని. ఆ చేదు పళ్ళెం మీద పేడను పలుచగా రాసి చూసేది. మొదటి రోజుల్లో వచ్చినవన్నీ వేరే జాతులవే. ఒక పొద్దున ఒక మూల చిన్న చుక్కలు కనిపించాయి. సూదిమొనంత. తెలుపు కూడా కాదు, బూడిదరంగు. చదునుగా, మెరుపు లేకుండా. నిరుడైతే వాటిని చూసేదే కాదు.

మైక్రోస్కోపు కింద పెట్టింది. పొట్టి కర్రల్లా, జంటలు జంటలుగా. వంకరచెవే. పేగు పొర మీద వదిలి, కడిగింది. కళ్ళు ఆనించింది. చాలా భాగం ఖాళీ. ఒక కణం అంచున ఒకటి పట్టుకుని ఉంది. దాని పక్కన ఇంకొకటి. పలకను మరోసారి కడిగింది. అవి అక్కడే ఉన్నాయి.

ఆ బూడిద చుక్కలను పెంచి ఇంకో దూడకు పట్టింది. ఆపింది. ఆగింది. మిగిలినవాటిలో మళ్ళీ చిన్నవాటిని ఏరింది. వాటిని మరో దూడకు. ఒక్కో దూడ దాటేకొద్దీ వంకరచెవి కడుపులో ఇంకొంచెం ఎక్కువ కాలం ఉంటోంది. సీసాలో మాత్రం పెరగనంటోంది. వదిన రోజూ తోకలు చూస్తోంది. ఏ తోకా తడవలేదు. మందు సీసా అలమర దిగలేదు.

మేనేజరు ఒకరోజు గదిలోకి వచ్చాడు. సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. అవతల తన వేళ్ళు స్పష్టంగా కనిపించాయి.

"ఇదేంటమ్మా, పాలసీసా కడిగిన నీళ్ళలా ఉంది. ఇదివరకు ఎంత చిక్కగా ఉండేది."

"ఇది చిక్కగా పెరగదు సార్. ఉంటుంది."

"పెరగకుండా ఉండటమేంటి?"

"కడుపులో ఉంటుంది. మీరు ఉండాలన్నది అక్కడే కదా."

మేనేజరు జేబులో చెయ్యి పెట్టాడు. గుళిక తీశాడు గానీ కొరకలేదు. ఇంత నెమ్మదిగా పెరిగితే పొడి కోసం దీన్ని పెంచే పెద్ద తొట్టి ఎన్నాళ్ళకు సిద్ధమవుతుందని అడిగాడు. ఆలస్యమవుతుందని ఆమె దాచకుండా చెప్పింది. ఒక మాట కూడా తీసుకుంది. ఇకమీద ఏ తొట్టికీ ముందు తొట్టిలోది విత్తనంగా వాడరు. ప్రతిసారీ దూడ నుంచి వచ్చినదే, ఫ్రీజరులో దాచిన సీసా నుంచే మొదలుపెట్టాలి. ఆ సీసాలు ఒక్కచోట ఉండకూడదు. కొన్ని తన గదిలో, కొన్ని పశువుల ఆసుపత్రిలో, కొన్ని మేనేజరు ఇంట్లో. మేనేజరు భార్యకు అవి మందులని చెప్పారు. ఐసుక్రీము డబ్బా వెనక పెట్టింది ఆవిడ.

వానలు మొదలయ్యాయి. ఆ ఏడు గట్టిగా పడ్డాయి. షెడ్డు రేకుల మీద చప్పుడుకు మాట వినిపించేది కాదు. ఎంత గడ్డి పరిచినా తడిసేది. పక్క పాడిల్లో దూడలు పారుతున్నాయని కబుర్లు వచ్చాయి. వదిన షెడ్డులో పుట్టిన ప్రతి దూడకూ మొదటి ముర్రుపాలతోనే కొత్త పొడి కలిపి పట్టారు. ఆమె ఫ్యాక్టరీకి సెలవు పెట్టి అక్కడే ఉండిపోయింది. వదిన గడ్డిబస్తాల పక్కన మంచం వేయించింది. దుప్పటి అడగకుండానే ఇచ్చింది.

వారం తిరిగింది. తోకలు పొడిగా ఉన్నాయి.

ఒక ఉదయం గోధుమరంగు దూడ తోక తడిసి కనిపించింది. ముందు చూసింది వదినే. కేక వెయ్యలేదు. నేరుగా అలమర దగ్గరికి వెళ్ళి మందు సీసా తీసింది. ఆమె పరిగెత్తుకొచ్చి వంగింది. పేడ జారుగా ఉంది, పచ్చగా ఉంది. కానీ నీళ్ళలా లేదు. రోగపు వాసన లేదు. మెడ మీద చర్మం లాగి వదిలితే వెంటనే సర్దుకుంది. కళ్ళు లోపలికి పోలేదు.

"వదినా, ఈ పూట ఆగుతావా?"

"మాట ఇచ్చావు."

"ఇచ్చాను. పొయ్యమంటే నేనే నోరు పట్టుకుంటాను."

వదిన సీసా మూత తీసింది. దూడ దగ్గర కూర్చుంది. అప్పుడే కమ్మీలకు అవతల పక్క దూడ అరిచింది. ఆకలి అరుపు. వదినకు అరుపుల్లో తేడా తెలుసు. పాలు పట్టి ఎంతోసేపు కాలేదు. వదిన లేచి తొంగి చూసింది. పక్క దూడ బకెట్టు బోర్లా పడి ఉంది. మధ్య కమ్మీల్లో ఒకటి వంగి ఉంది. వదిన గోధుమ దూడ మొహం తన వైపు తిప్పుకుని చూసింది. మూతి నిండా పాలు. నుదుటి మీద పాలు. ఒక చెవి అంచు నుంచి ఇంకా కారుతున్నాయి.

"దొంగ మొహమా," అంది వదిన. "రెండు కడుపుల పాలు తాగితే జారక ఏమవుతుంది."

మందు సీసాకు మూత పెట్టి, అలమరలో పెట్టింది. కమ్మీని ఇటుకతో కొట్టి సరిచేసింది. మరదలి వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని ఇద్దరికీ తెలుసు. చివరికి వదినే ముందు నవ్వింది. చప్పుడు లేకుండా, పైట నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు. సాయంత్రానికి గోధుమ దూడ తోక పొడిగా ఉంది.

వానలు తగ్గుముఖం పట్టాయి. వదిన షెడ్డులో ఒక్క దూడా పోలేదు. ఆమె పొడి ఆపింది. మర్నాడు పేడ చూసింది. వంకరచెవి ఉంది. వారానికి చూసింది. ఉంది. దూడలు గడ్డి కొరకడం మొదలుపెట్టాక చూసింది. అప్పటికీ ఉంది. బూడిద చుక్కలు, సూదిమొనంత, పళ్ళెం అంతటా.

పేగు పొర మీద చివరిసారి పరీక్షిద్దామని ఆసుపత్రికి కబురు పెట్టింది. అక్కడి డాక్టరు ఫోను చేసి, ఇవ్వడానికి ఏమీ లేదన్నాడు. మీ వదిన వైపు నుంచి ఈ ఏడు చచ్చిన దూడే రాలేదు, కావాలంటే వేరే వైపు నుంచి తెప్పిస్తానన్నాడు. వద్దులెండి అంది. ఫోను పెట్టేసి, కాసేపు బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. సీసాలు మోగుతున్నాయి. గుడ్డ పేలికలు ఎప్పుడు జారిపోయాయో చూసుకోలేదు.

మేనేజరు గది వెనక్కి తీసుకోలేదు. పక్క గది కూడా ఇచ్చాడు. బస్తాలు ఇప్పుడు వరండాలో ఉన్నాయి, తడవకుండా పట్టా కప్పి. పొడికి ఏదైనా గంభీరమైన పేరు పెడదామని ఆయన అనుకున్నాడు. అప్పటికే డ్రైవర్లు వంకరచెవి పొడి అని ఊళ్ళన్నీ తిరిగి చెప్పేశారు. అదే పేరు అచ్చు వేయించారు. బొమ్మ గీసినవాడు అందమైన దూడను గీశాడు, రెండు చెవులూ నిక్కబొడుచుకుని. ఆమె ఒప్పుకోలేదు. వాడు మళ్ళీ గీశాడు. రెండు చెవులూ వంకరగా గీశాడు. మూడోసారికి సరిగ్గా వచ్చింది.

ఇంట్లో భర్త పొద్దున టీ తనే పెడుతున్నాడు, ఇద్దరికీ. గారాబం చేస్తే చెడిపోతావేమోనని భయంగా ఉందంటాడు. చక్కెర తగ్గించే పోస్తాడు.

పళ్ళెం తెరిచినప్పుడు చెయ్యి ఇప్పటికీ అప్పుడప్పుడు మెరిసే చుక్క వైపు పోతుంది. పాత అలవాటు. దాన్ని ఆపి, వెనక్కి తెచ్చి, చిన్నదాని మీద పెడుతుంది.

పక్క ఊళ్ళ పాడివాళ్ళు వ్యాను మాట్లాడుకుని వదిన షెడ్డు చూడటానికి వచ్చారు. ఆ రోజు ఆమె కూడా అక్కడే ఉంది, ఒక మూల పేడ తీసుకుంటూ. వచ్చినవాళ్ళు దూడల ముందు వరసగా నిలబడ్డారు. కళ్ళు ఎంత బాగున్నాయో అన్నారు. గోధుమ దూడ నుదురు నిమిరారు. వదిన చేతులు కట్టుకుని కాసేపు ఓర్చుకుంది. తర్వాత వాళ్ళను తోసుకుంటూ దూడ వెనక్కి వెళ్ళింది.

"మొహం ఏం చూస్తారు," అంది. "ఇటు రండి."

అని, వంగి, తోక ఎత్తి పట్టుకుంది.